తిట్టించుకునే బండి

వాన్ లుక్మాన్ జీతానికి నడిపే బండి చప్పుడు చేయకూడదు. అది పోయినవాళ్లని ఖబరస్తానుకి చేర్చే మసీదువాళ్ల జనాజా వ్యాను. లోపల ఒక పొడుగాటి బల్ల, దాని పక్కన ఇంటివాళ్లు కూర్చోవడానికి రెండు సీట్లు. మసీదు దగ్గర్నుంచి ఖబరస్తాను దాకా ఏ గుంట ఎక్కడుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. బల్ల మీదున్న మనిషిని కదలనివ్వకుండా తీసుకెళ్లడం ఒక విద్య. మలేషియాలో మా కోత భారు చుట్టుపక్కల ఆ విద్యలో అతన్ని మించినవాడు లేడని ఎక్కడైనా ఒట్టేసి చెప్పొచ్చు.

కాఫీ కొట్లో అతను కనబడితే చాలు, ఎవరో ఒకరు అందుకునేవారు.

"నీ బండెక్కినవాళ్లు ఇంతవరకూ ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదటగా, లుక్మాన్?"

"దిగొచ్చి చెప్పమను, అన్నా. తప్పుంటే దిద్దుకుంటా," అని అతను గ్లాసు ముందుకు లాక్కునేవాడు.

వేళాకోళాలు పైపైనే. లోపల సంగతి వేరు. మావాళ్లలో పోయినవాళ్ల మీద పడి గొల్లుమనడం తప్పు. కళ్లు తడవచ్చు, గొంతు లేవకూడదు. అందుకని ఆ వ్యానులో కూర్చున్నవాళ్లు ఏడుపుని పళ్ల మధ్య బిగబట్టుకుని కూర్చుంటారు. తల్లులు, మొగుళ్లు, అన్నదమ్ములు, అందరూ అంతే. ఆ బిగబట్టిన గాలంతా లుక్మాన్ వీపుకి తగులుతూ ఉంటుంది. పదిహేనేళ్లుగా తగులుతోంది. ఇంటికొచ్చాక అతనికి ఏదో ఒకటి గట్టిగా అరిస్తే బాగుండనిపించేది. తను అరవలేడు, పెంపకం అలాంటిది. అందుకే కారు కొన్నాడు.

నారింజ రంగుది, వెనక తలుపు పైకి లేచే చిన్న కారు. చూడ్డానికి పిడికెడే గానీ లోపల టర్బో ఉంది. కాలు పెడితే మెడ వెనక్కి పడేది. దాన్ని మొదట కొన్న బడిపంతులు రెండుసార్లు భయపడి, మూడోసారి వాళ్లావిడ చేత చీవాట్లు తిని అమ్మేశాడు. లుక్మాన్ తెచ్చుకున్న వారానికే కంపెనీ సైలెన్సర్ పీకించి, ఎక్కడా అడ్డూ ఆపూ లేని తిన్నటి గొట్టం వేయించాడు. పని చేసింది పాసిర్ మాస్ రోడ్డులో గొట్టాలు అతికే కియాన్, కొట్టు యజమాని కాబట్టి అందరికీ తౌకే కియాన్. పేరుకి చైనావాడే గానీ తాతల నాటి నుంచీ ఇక్కడివాడు. మా యాస మాకంటే బాగా మాట్లాడతాడు, గొంతుక్కూర్చుని అన్నంలో ఊరబెట్టిన చేపల పులుసు, బుదు, కలుపుకుని చేత్తో తింటాడు.

"టర్బో బండికి గొట్టం వెడల్పయితే ఊపిరి తేలికవుద్ది, కాదన్ను," అన్నాడు కియాన్ ఆ రోజు. "కానీ నీ సందు ఇరుకురా తమ్ముడూ. గోడకి గోడ ఆనుకునుంటది. చూసుకో మరి."

లుక్మాన్ చూసుకోలేదు. మోజులో ఉన్నవాడికి ఎవరి మాట ఎక్కుతుంది?

పక్కిల్లు పోక్ లేహ్‌ది. ఊళ్లో పెద్దవాళ్లందరూ మాకు పోక్‌లే, పెద్దమ్మలందరూ మెక్‌లే. పోక్ లేహ్, మెక్ సోమ్ దంపతులకి పిల్లల్లేరు, గువ్వలుండేవి. ఎవరింటి ముందు చూసినా పొడవాటి కర్ర, దాని కొసన కప్పీ, తాడు, పైకెక్కిన పంజరం కనిపించే ఊరు మాది. కూత బాగుంటే కర్రకి జెండా కట్టే పందేల్లో పోక్ లేహ్ గువ్వలు జెండాలు తెచ్చేవి. ఆ మధ్య మిగిలింది ఒక్కటే. గూట్లోంచి పడితే మెక్ సోమ్ అన్నం మెతుకు నమిలి పెట్టి బతికించిన పిల్ల. పేరు బొంగ్సు, అంటే ఆఖరిది. దాని కూత మొదలు తీగలా సాగి, నడుమ తూగి, తుదిని మెత్తగా వచ్చి వాలేది. గువ్వల సంగతి తెలియనివాళ్లు కూడా సైకిలాపి వినేవాళ్లు.

తిన్నటి గొట్టంతో లుక్మాన్ మొదటిసారి సందులోకొచ్చినప్పుడు మెక్ సోమ్ చేటతో బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టి పకపకా నవ్వింది.

"పడిశం పట్టిన గేదె తుమ్మినట్టుందిరా నీ బండి!"

"ఎక్కుతావా మెక్?"

"ఎక్కక?"

ఎక్కింది. నది పక్క రోడ్డు మీద తలగుడ్డ రెండు చేతులా పట్టుకుని, "ఇంకా తొక్కరా, ఇంకా," అంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. దిగేటప్పుడు కారు తలుపు పట్టుకుని తలగుడ్డ సర్దుకుని, "మీ పోక్‌కి చెప్పకు," అని లోపలికి పోయింది. పోక్ లేహ్ అరుగు మీదే ఉన్నాడు, అన్నీ చూస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక పొద్దున బియ్యం కడుగుతూ పంపు దగ్గరే ఒరిగిపోయింది మెక్ సోమ్.

లుక్మాన్‌ని ఎవరూ పిలవక్కర్లేకపోయింది. కారులో మసీదుకి పరిగెత్తి, వ్యాను తీసుకుని అతనే వచ్చాడు. దారంతా పోక్ లేహ్ బల్ల అంచు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. కంట్లో చుక్క లేదు. గొంతులో మాట లేదు. మట్టి వేశాక అందరి సలాములూ అందుకుని, ఇంటికొచ్చి, గువ్వకి గింజలు పోశాడు. "గట్టి మనిషి," అన్నారు జనం. జనం ఏమైనా అంటారు.

నాలుగు రోజులకి గువ్వ కూయడం లేదన్న మాట బయటికొచ్చింది. ఆ సాయంత్రం లుక్మాన్ కారు దిగేసరికి పోక్ లేహ్ కంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఒరే లుక్మాన్! నీ గొట్టం నా గువ్వ గొంతు నొక్కేసిందిరా!"

అక్కడ మొదలైంది. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు కదా, ఇక రోజూ అదే పని. కారు సందు మొదట్లోకి రాగానే ముసలాయన లుంగీ బిగించుకుని కంచె దగ్గరకొచ్చేవాడు. "వచ్చాడండీ మహారాజు, బాకాలూదుకుంటూ!" అని ఒకరోజు. "శవాల్ని మోసేటోడికి బతికున్నోళ్ల గోల ఎందుకుంటది!" అని ఒకరోజు. "నీ బండి తుప్పట్టిపోను, నీ గొట్టంలో కప్పలు గుడ్లు పెట్టను!" అని ఇంకోరోజు. లుక్మాన్ తల వంచుకుని నిలబడేవాడు. అతని భార్య హస్మీజా వేడివేడిగా అన్నం, కాల్చిన చేప, పచ్చి ఆకులు పళ్లెంలో పెట్టి కంచె మీంచి అందించేది. పోక్ లేహ్ శుభ్రంగా తిని, పళ్లెం కడిగి తిరిగిచ్చేవాడు.

"కూర బాగుందమ్మా హస్మీజా. మీ ఆయనే బాలేదు."

సందులో వాళ్లకది వినోదం. లుక్మాన్‌కి కాదు. మెక్ సోమ్‌ని చివరి దారిలో కుదుపు లేకుండా తీసుకెళ్లింది తనే. ఆవిడ నోటి మెతుకుతో బతికిన గువ్వని మూగదాన్ని చేసిందీ తనే. ఈ మాట అతన్ని ముల్లులా గుచ్చేది. గువ్వ మళ్లీ కూయాలి, ముసలాయన ముందు తను తలెత్తుకోవాలి. అతనికి అంతకంటే ఇంకేమీ అక్కర్లేకపోయింది. వర్షాలకి ముందు వచ్చే శుక్రవారం పెద్ద పందెం ఉంది. పోక్ లేహ్ బొంగ్సు పేరు ఎప్పుడో ఇచ్చేశాడు.

లుక్మాన్ కారుకి ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న కొత్త చక్రాలు ఖర్చు కోసం అమ్మేసి, పాత చక్రాలు తగిలించుకుని తౌకే కియాన్ దగ్గరికి వెళ్లాడు.

"పాత సైలెన్సర్ పెట్టేస్తే పోలా?" అన్నాడు కియాన్, కారు పైకెత్తి కిందకి దూరుతూ.

"పెడితే మళ్లీ నేను ఊపిరాడక చస్తా తౌకే. నాకూ ఉండాలి, ఆయనకీ ఉండాలి."

"అట్టయితే మూత ఉన్నది వేసుకో." కియాన్ ఒక గొట్టం తెచ్చి చూపించాడు. మధ్యలో గుండ్రటి రేకు, దాన్ని తిప్పడానికి అగ్గిపెట్టెంత మోటారు. "రేకు మూశావనుకో, పొగంతా ఈ పెద్ద డబ్బాలో చుట్టూ తిరిగి, అలిసిపోయి, నోరు మూసుకుని బయటికి పోద్ది. తెరిస్తే తిన్నగా పోద్ది, ఇప్పుడున్నట్టే. నడిమధ్యన కూడా నిలబెట్టుకోవచ్చు. ఇదిగో రిమోట్." మూడు మీటలు ఒక్కొక్కటీ నొక్కి చూపించాడు. "ఇది మసీదు. ఇది బజారు. ఇది హైవే."

లుక్మాన్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

కియాన్ పాత గొట్టం కోసి, కొత్తది నాలుగు చోట్ల చుక్కలు పెట్టి అతికి, కిందా మీదా సరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడు చుట్టూ పూర్తిగా అతికాడు. వేలాడే రబ్బర్లు కొత్తవి వేశాడు. ఇంజను వేసి మూత మూస్తే కొట్లో గోడ గడియారం చప్పుడు వినబడింది. మూత తీస్తే అల్మారాలో సీసాలు గలగలమన్నాయి. మళ్లీ మూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీ ముసలాయన దండేసి ఊరేగిస్తాడు చూడు," అన్నాడు కియాన్.

ఆ సాయంత్రం లుక్మాన్ కారు పిల్లిలా సందులోకి వచ్చింది. ఎప్పటిలాగే వేళకి పోక్ లేహ్ కంచె దగ్గర సిద్ధంగా ఉన్నాడు. లుంగీ బిగించి ఉంది, నోరు తెరిచి ఉంది. కారు ఎదురుగా వచ్చి ఆగింది. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

"మూత పెట్టించాను పోక్. ఇక ఈ సందులో చప్పుడుండదు," అన్నాడు లుక్మాన్ దిగి, చిన్నపిల్లాడిలా రిమోట్ చూపిస్తూ.

పోక్ లేహ్ రిమోట్ వైపు చూశాడు, కారు వైపు చూశాడు. "ఊఁ," అన్నాడు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఇంతేనా అనిపించింది లుక్మాన్‌కి. సంతోషం పట్టలేక అలా వెళ్లాడేమోలే అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ శుక్రవారం దాకా సందంతా మునివేళ్ల మీద నడిచింది. పిల్లల్ని పెరటివైపు తోలారు. కాఫీ కొట్టువాడు రేడియో తగ్గించాడు. బొంగ్సు పంజరం పొద్దున్నే పైకెక్కడం, ఎండెక్కాక దిగడం. కూత లేదు.

పందెం రోజు పోక్ లేహ్‌ని, పంజరాన్ని లుక్మానే తన కారులో, మూత మూసి, తీసుకెళ్లాడు. మైదానం నిండా కర్రలు. కర్రల కింద న్యాయనిర్ణేతలు చెవి ఒగ్గి తిరుగుతున్నారు. గువ్వల వాళ్లు తాడు అవతల నిలబడి, తమ గువ్వ పేరు పెట్టి గొంతు తగ్గించి బతిమాలుతున్నారు. నాలుగు వైపుల నుంచీ కూతలు. బొంగ్సు మాత్రం రెక్కలు ఉబ్బించుకుని దూది ఉండలా కూర్చుంది. దాని కర్రకి ఒక్క జెండా కూడా ఎక్కలేదు. పోక్ లేహ్ దాన్ని పిలవలేదు, బతిమాలలేదు. ఆట పూర్తికాకుండానే తాడు దించి, పంజరం మీద గుడ్డ కప్పేశాడు.

తిరుగుదారిలో కారులో ఎవరూ మాట్లాడలేదు. లుక్మాన్‌కి ఆ మౌనం బాగా తెలుసు. రోజూ వ్యానులో వెనక నుంచి వీపుకి తగిలేదే. ఇవాళ పక్క సీట్లోంచి తగులుతోంది. తన కారు తనకే వ్యానులా అనిపించింది.

మర్నాటి నుంచీ పక్కింటి కర్ర ఖాళీ. పోక్ లేహ్ కంచె దగ్గరకి రావడం మానేశాడు. హస్మీజా పళ్లెం పెట్టి వస్తే పెట్టింది పెట్టినట్టే ఉండేది, చీమలు పట్టేది. మసీదులో చివరి వరుసలో నిలబడి ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయేవాడు. వారం తిరిగేసరికి చెంపలు పీక్కుపోయాయి.

"నాకర్థం కావట్లేదు," అన్నాడు లుక్మాన్ ఒక మధ్యాహ్నం వంటింట్లో పీట మీద కూలబడి. "చప్పుడు తీసేశాను. ఇంకేం చెయ్యమంటావు? కారు అమ్మెయ్యమంటావా?"

హస్మీజా కొబ్బరి కోరుతోంది. చెయ్యి ఆపింది.

"అబాంగ్," అంది, మొగుణ్ని పిలిచే పిలుపుతో. "ఒక మాట అడుగుతా, కోప్పడకు. మెక్ సోమ్ పోయిన పొద్దున నువ్వు మసీదుకి వెళ్లింది ఏ బండిలో?"

"కారులో. దేనికి?"

"ఆ గొట్టంతోనేగా? ఇల్లదిరిపోయేట్టు వెళ్లావు. నేను పంపు దగ్గర మెక్ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. అంత గోలలోనూ బొంగ్సు కూస్తూనే ఉంది. నాకు బాగా గుర్తు. ఎవరైనా దాని నోరు మూయించండర్రా అనిపించింది."

లుక్మాన్ రోజులు లెక్కేసుకున్నాడు. నిజమే. ఆ గొట్టం వేయించిన దగ్గర్నుంచీ మెక్ సోమ్ పోయేదాకా రోజూ సాయంత్రం కారు అరుస్తూనే ఉంది, గువ్వ కూస్తూనే ఉంది. మెక్ సోమ్ ఉన్నన్నాళ్లూ అది కూసింది. ఆవిడ పోయింది, అది మానేసింది. ఇందులో గొట్టం ఎక్కడుంది?

"మరి పోక్‌కి తెలీదా ఈ సంగతి?"

"తెలీకుండా ఉంటుందా, ఆయన గువ్వ, ఆయన భార్య," అంది హస్మీజా, మళ్లీ కొబ్బరి చిప్ప అందుకుంటూ.

అప్పుడు లుక్మాన్‌కి తన వ్యాను గుర్తొచ్చింది. ఆ సీట్లలో కూర్చున్నవాళ్లు ఎందరు ఎందర్ని తిట్టలేదు! డాక్టర్ని తిట్టారు, ఆస్పత్రి మెట్లని తిట్టారు, ఎండని తిట్టారు, నెమ్మదిగా పోతున్నావని ఒకరు, తొందరపడుతున్నావని ఒకరు అతన్నే తిట్టారు. ఏడవడానికి వీల్లేనివాడికి తిట్టడానికైనా ఒక మనిషి కావాలి. ఆ తిట్లు అతను పదిహేనేళ్లుగా పల్లెత్తు మాట అనకుండా పడ్డాడు, పడటం తన పనిలో భాగమనుకున్నాడు. తన సందులో, తన కంచె దగ్గర అదే జరుగుతుంటే మాత్రం పోల్చుకోలేకపోయాడు. మంచి చేస్తున్నాననుకుని ముసలాయనకి మిగిలిన ఆ ఒక్క ఆసరా డబ్బు పోసి మరీ ఊడబెరికాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక కారు తీసుకుని సందు చివరకి వెళ్లాడు. వెనక్కి తిప్పాడు. రిమోట్ మీద కియాన్ హైవే అన్న మీట నొక్కాడు.

సందు సందంతా దద్దరిల్లింది. కోళ్లు గోడలెక్కాయి. పోక్ లేహ్ కంచె ముందు కారాపి, కదలకుండా నిలబెట్టి కాలు తొక్కాడు. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ తొక్కాడు. కాఫీ కొట్లోంచి మనుషులు బయటికొచ్చారు. హస్మీజా గుమ్మంలో నిలబడి నోటికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుంది. మళ్లీ తొక్కాడు. లుక్మాన్‌కి భయం పట్టుకుంది. రాడేమో. ఇక రాడేమో.

తలుపు తెరుచుకుంది.

పోక్ లేహ్ చొక్కా లేకుండా, లుంగీ ఒక చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. కంచె దాకా వచ్చి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"మళ్లీ మొదలెట్టావురా?" గొంతు పూడుకుపోయి ఉంది. దగ్గాడు. "మూత పెట్టించానన్నావు?"

"ఊడిపోయింది పోక్!" అద్దం దించి అరిచాడు లుక్మాన్.

"ఊడిపోద్ది, ఎందుకు ఊడిపోదు! నువ్వు పట్టింది ఏది తిన్నగా ఉంటది! ఆ చైనావాడూ దొంగే, నువ్వూ దొంగవే! మనిషన్నవాడు బతకాలా వద్దా ఈ సందులో?" ఒక్కో మాటకీ గొంతు సాగుతోంది, పాత జోరు వస్తోంది. "సిగ్గుందా నీకు? మసీదు బండి నడుపుతావు, నమాజు చేస్తావు, పక్కింట్లో గువ్వని చంపుతావు! నోరులేని జీవంరా అది! పొద్దున్నే ఎలా కూసేదిరా, ఎలా కూసేది..."

"నా వల్లే పోక్! నాదే తప్పు!"

"నీదే! నీ వల్లే! నీ..." పోక్ లేహ్ ఆగాడు. కంచె మీదికి వంగాడు. "నీ వల్ల ఎందుకవుతుందిరా," అన్నాడు. "తాడు లాగుతూ మీ మెక్ కూకూ అనేది. ఆ గొంతు విని ఇది కూసేది. ఇప్పుడెవరున్నారని కూస్తదిరా? ఎవరున్నారు ఆ ఇంట్లో?"

మొహం కంచెకి ఆనించి ఏడ్చాడు. కన్నీళ్లు కార్చడం కాదు. గొంతెత్తి, ఎగశ్వాసతో, చిన్నపిల్లాడు ఏడ్చినట్టు ఏడ్చాడు. ఖబరస్తానులో ఏడవని మనిషి. సందులో పెద్దలున్నారు, మసీదువాళ్లున్నారు, అందరూ ఇటే చూస్తున్నారు. పోయినవాళ్ల కోసం గొంతెత్తకూడదని వాళ్లకి చిన్నప్పుడు చెప్పింది ఈ పోక్ లేహే.

లుక్మాన్ కాలు కిందికి అదిమాడు. కారు గుండెలవిసేలా అరిచింది. అరుస్తూనే ఉంది. దూరాన నిలబడ్డవాళ్లకి కంచె మీదకి వంగిన ముసలాయన వీపు, ఆయన ముందే బండిని అరిపిస్తున్న లుక్మాన్ మాత్రమే కనబడుతున్నారు, ఏడుపు వినబడలేదు.

"ఆపరా! బుద్ధిలేదట్రా నీకు! పెద్దమనిషి మీద పగపట్టావా!" కాఫీ కొట్టువాళ్లు చేతులూపుతూ తిడుతున్నారు. ఎవడో చెప్పు తీసి చూపించాడు. లుక్మాన్ అటు తిరగలేదు. చెవులు గింగిరాలెత్తుతున్నాయి, ఇంజను వేడెక్కి సూది పైకి పోతోంది. అయినా కాలు తియ్యలేదు.

చాలాసేపటికి పోక్ లేహ్ తలెత్తాడు. లుంగీ అంచుతో మొహం తుడుచుకున్నాడు, ముక్కు చీదాడు. సందులో జనాన్ని చూశాడు. అరుస్తున్న కారు వైపు, స్టీరింగ్ వెనకున్న లుక్మాన్ వైపు చూశాడు. అతని కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

"చాల్లేరా," అన్నాడు. "ఇక ఆపు."

లుక్మాన్ ఆపాడు.